మూత తీయకముందే ధర

వాచీ బాగుచేయించుకుందామని వెళితే ఇప్పుడు మొట్టమొదట అడిగేది "ఏ కంపెనీ అండీ?" అని. ఏమైంది అని అడిగేవాడు లేడు. కంపెనీ పేరు చెప్పీ చెప్పకముందే కౌంటరు వెనకాల అబ్బాయి కంప్యూటర్లో ఏదో నొక్కి ఒక అంకె చెప్పేస్తాడు. వాచీ అప్పటికింకా నా చేతికే ఉంటుంది. మూత తీసినవాడు లేడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నవాడు లేడు. లోపల తుప్పు పట్టిందో, నూనె ఎండిందో, సెల్లు అయిపోయిందో ఎవరికీ తెలియదు. ధర మాత్రం ఖాయమైపోయింది. చేయాల్సిన పనేమిటో తెలియకుండా కూలి ఎంతో ఎలా తెలిసిందయ్యా అంటే, "మా దగ్గర ఫిక్స్‌డ్ రేటు సార్" అంటాడు. ఆ రేటు కట్టిందెవరు, దేన్ని చూసి కట్టారు అన్నదే నా గొడవంతా.

నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరేదైనా కానీ, బండి ఏ స్టేషనుకు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు చేరింది, ఎప్పుడు కదిలింది, ఎక్కడ సిగ్నలు లేక నిలబడింది అన్నదంతా కాగితం మీద పెట్టడం గార్డు పని. బెజవాడ నుంచి గూడూరు పోయే గూడ్సు మధ్యలో ఇరవై నిమిషాలు ఆగిందంటే ఆ ఇరవై నిమిషాలు ఎవరి ఖాతాలో పడాలన్నదాని మీద పెద్ద తగువు నడిచేది. డ్రైవరు తనది కాదంటాడు, స్టేషన్ మాస్టరు తనది కాదంటాడు. అప్పుడు గార్డు రాసిన టైముకే విలువ. వాచీ తప్పు నడిస్తే గార్డు మాట చెల్లదు. అందుకని వాచీ మాకు సోకు కోసం పెట్టుకునే వస్తువు కాదు. దాన్ని బాగుచేసే మనిషంటే మాకు చాలా గురి ఉండేది.

నాది హెచ్‌ఎంటీ జనతా. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. మొదటి వాచీల్ని నెహ్రూ గారే విడుదల చేశారు. 17 రాళ్ళు, రోజూ కీ ఇచ్చుకోవాలి, కింద పడినా తట్టుకుంటుందని డయల్ మీద పారాషాక్ అని రాసి ఉంటుంది. ఆ రోజుల్లో వాచీ కొనడమంటే చిన్న విషయం కాదు. పెళ్ళిలో అల్లుడికి వాచీ పెట్టారా లేదా అన్నది బంధువులంతా చెప్పుకునే మాట. ఫారిన్ వాచీ కావాలంటే మద్రాసు బర్మా బజారులో ఎవరినో పట్టుకోవాలి. అంత కష్టపడి కొన్న వస్తువు ఆగిపోతే పారేసే ప్రశ్నే లేదు, బాగుచేయించుకోవాల్సిందే. అందుకే గవర్నరుపేటలో, వన్‌టౌన్‌లో, స్టేషను ఎదురుగా వాచీ బల్లలు ఉండేవి. పెద్ద షాపులు కావు. బట్టల కొట్టు మెట్ల కిందో, మందుల షాపు అరుగు మీదో ఒక గాజు పెట్టె, దాని వెనక ఒక స్టూలు, ఒక బల్ల లైటు. అంతే.

మా గార్డులందరికీ స్టేషను దగ్గర ఒక సాయిబు గారు ఉండేవారు. ఆయన ధర కట్టే తీరు చెబుతాను. వాచీ ఇవ్వగానే ముందు ప్రశ్నలు. "ఎక్కడ ఆగింది గార్డు గారూ? కింద పడిందా? వానలో తడిసిందా? కీ తిరుగుతోందా, బిగుసుకుందా?" తర్వాత కీని రెండు వేళ్ళతో మెల్లిగా ఒక అర చుట్టు తిప్పి చూసేవారు. చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. అప్పుడు చిన్న కత్తి మొనతో వెనక మూత ఊడదీసి, కంటికి భూతద్దం బిగించుకుని లోపలికి చూసేవారు. ఒక్కోసారి ఆ భూతద్దం నాకే ఇచ్చి చూడమనేవారు. "బ్యాలెన్స్ చక్రం చూడండి, ఒక పక్కకు వాలింది. పడినప్పుడు దాని ఇరుసు మొన విరిగింది. ఇరుసు కొత్తది వేయాలి. సామానుకు ఇంత, వేసినందుకు ఇంత. పనిలో పని ఆయిల్ సర్వీసు కూడా చేయించుకుంటే ఇంకో ఇంత, వద్దంటే వద్దు." ఇదీ లెక్క. మూడు అంకెలు విడివిడిగా చెప్పేవారు, దేనికెంతో తెలిసేది. ఇష్టమైతే చేయించుకుంటాం, లేకపోతే మూత నొక్కి వాచీ తిరిగి ఇచ్చేస్తారు. చూసినందుకు పైసా పుచ్చుకునేవారు కాదు.

ఆ ఇరుసు మొన సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కూలి ఎందుకు ఇవ్వాలో అక్కడే ఉంది. వాచీలో అటూ ఇటూ ఊగే చక్రం ఒకటుంటుంది. దాని ఇరుసుకు రెండు కొసలు, ఒక్కోటీ తలవెంట్రుకంత సన్నం. ఆ కొసలు రాళ్ళలో చేసిన గుంటల్లో కూర్చుని తిరుగుతాయి. జనతా లాంటి వాచీలో ఆ చక్రం సెకనుకు 5 సార్లు, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4,32,000. ఏడాదికి 15 కోట్ల 76 లక్షల పైమాటే. మధ్యలో ఉన్నది ఒక్క నూనె చుక్క, అదీ సూది మొనతో పెట్టినంత. ఆ చుక్క ఎండితే ఇనుము రాతికి రాసుకుంటుంది. చక్రం మందగిస్తుంది, వాచీ వెనకబడుతుంది, ఇంకా అలాగే నడిపిస్తే కొస అరిగిపోతుంది. గూడ్సు బండి చివర బ్రేకు వ్యానులో కూర్చున్నవాడికి కుదుపులెలా ఉంటాయో తెలుసు. డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ యాభై వ్యాగన్ల దెబ్బ వరసగా వచ్చి వెనకున్న గార్డు మీద పడుతుంది. పారాషాక్ ఉన్నా ఆ దెబ్బలకు ఎన్నాళ్ళని ఆగుతుంది?

సర్వీసంటే సాయిబు గారు ఏం చేసేవారో నేను స్టూలు పక్కన నిలబడి చూసేవాణ్ణి. ముళ్ళు తీసేవారు, డయల్ తీసేవారు, స్ప్రింగు బలం మెల్లగా వదిలేసేవారు. అది మరిచిపోతే లోపల పళ్ళ చక్రాలు గిర్రున తిరిగి విరుగుతాయట. తర్వాత ఒక్కో మర విప్పి, ఒక్కో చక్రం తీసి, వరస తప్పకుండా గాజు గిన్నె కింద బోర్లించేవారు. మరలూ రాళ్ళతో కలిపి వందకు పైగా ముక్కలు. అన్నీ పెట్రోలులో కడిగి, రాళ్ళ గుంటల్ని సన్నగా చెక్కిన పుల్లతో తిప్పి తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ బిగించడం. చక్రాలకు ఒక నూనె, బ్యాలెన్స్ రాళ్ళకు ఇంకా పల్చటి నూనె, స్ప్రింగుకు గ్రీజు. ఎక్కువైనా తప్పే, పొంగి హెయిర్ స్ప్రింగుకు అంటుకుంటే చుట్టలు అతుక్కుపోయి వాచీ పిచ్చెత్తినట్టు ముందుకు పరుగెడుతుంది. అంతా అయ్యాక వాచీ వెంటనే ఇచ్చేవారు కాదు. ఒక రోజు డయల్ పైకి, ఒక రోజు కిందికి, ఒక రోజు కీ కిందికి వచ్చేలా వేలాడదీసి, స్టేషను గడియారంతో సరిచూసి, సన్నపుల్లతో చిన్న మీటను వెంట్రుక వాసి జరిపేవారు. ఆ మూడు నాలుగు రోజులూ డ్యూటీకి వాచీ లేకపోతే ఎలాగని తన దగ్గరున్న ఒక పాత వాచీ ఇచ్చి పంపేవారు. దానికి ఛార్జీ లేదు.

నా జనతా వెనక మూత లోపలి పక్క ఇప్పటికీ చూపిస్తాను ఎవరికైనా. అక్కడ సూది మొనతో గీసిన సన్నటి అంకెలుంటాయి. పని చేసిన ప్రతిసారీ నెల, సంవత్సరం, పక్కన ఒక గుర్తు. ఉర్దూ అక్షరంలా ఉంటుంది, అది సాయిబు గారి గుర్తు. మధ్యలో రెండుచోట్ల వేరేవాళ్ళ గుర్తులున్నాయి, నేను గుంతకల్లులో ఉన్నప్పుడు చేయించినవి. ఈ గీతలు వాచీ పనివాళ్ళందరికీ అలవాటు. అదే బిల్లు, అదే గ్యారంటీ కార్డు. ఏడాది తిరక్కముందే ఆగితే మూత తీసి తన గీత చూసుకుని, "ఇది నా చేతి పని, నేనే చూసుకోవాలి" అని ఊరికే చేసి ఇచ్చేవారు. వేరే పనివాడు చేసింది అయితే అది కూడా ఆ గీతల్లో తెలుస్తుంది. ఎవరు ఏం చేశారు, ఎప్పుడు చేశారు అన్నది వాచీతోనే పోతుంది. ఇప్పుడు ఫోనుకు మెసేజీ వస్తుంది, మీ సర్వీస్ రిక్వెస్ట్ పూర్తయింది అని. ఏం చేశారో అందులో ఉండదు. చేసిన మనిషి పేరు ఉండదు. వాచీ లోపల గీత ఉండదు.

మా రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని మాత్రం నేననను. అంత పనికీ ఆ మనుషులకు దక్కింది చాలా తక్కువ. పూటంతా కళ్ళు పొడుచుకుని చేసిన పనికి మా వాళ్ళు అర్ధ రూపాయి దగ్గర కూడా బేరమాడేవారు. కళ్ళు నలభై ఏళ్ళకే మసకబారేవి. ఎండాకాలం ఫ్యాను కూడా వేసుకోవడానికి లేదు, గాలికి చక్రాలు ఎగిరిపోతాయని. సాయిబు గారి కొడుకు ఆ స్టూలు మీద కూర్చోలేదంటే ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. సౌదీ వెళ్ళి ఏసీ మెకానిక్ అయ్యాడు, మంచి పనే చేశాడు. పాత రేట్లు మళ్ళీ రావాలని నేను కోరడం లేదు. ఇంకా ఎక్కువ ఇద్దాం అంటాను. కానీ ఇచ్చేది పనికి ఇద్దాం, పనివాడికి అందేలా ఇద్దాం.

ఇప్పుడు ఏం జరిగిందంటే ధర పెరిగింది, పని తగ్గింది. దీని మూలం క్వార్ట్జ్ వాచీలో ఉంది. 1969 డిసెంబరులో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అని మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. మన దగ్గరకు ఆ గాలి నెమ్మదిగా వచ్చింది. ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ చేసే హైదరాబాదు ఆల్విన్ వాళ్ళు అదే సీకో సాయంతో వాచీలు చేశారు. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి పెట్టిన టైటాన్ 1987 నుంచి హోసూరులో క్వార్ట్జ్ వాచీలు దించింది. సన్నంగా, అందంగా, కీ ఇవ్వక్కర్లేకుండా, నెలకు కొన్ని సెకన్లు తప్ప తేడా రాకుండా. అందులో ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని ఒక చిప్పు లెక్కపెట్టి సెకనుకొక్కసారి ముల్లును నెడుతుంది. అద్భుతమైన వస్తువు, నేనేం కాదనను. కానీ బాగుచేసే మనిషిని దాని తయారీదారు లెక్కలోకి తీసుకోలేదు. 1983లో స్విస్ వాళ్ళు స్వాచ్ తెచ్చినప్పుడు మరీ తెగించారు. మొత్తం 51 ముక్కలు, ప్లాస్టిక్ కేసులోనే మిషను బిగించి అతికేశారు. సెల్లు మార్చుకోవడానికి ఒక చిన్న మూత తప్ప లోపలికి దారే లేదు. చెడితే పారేయడమే. అప్పట్నుంచీ వాచీ కంపెనీలకు ఆ రుచి తగిలింది.

క్వార్ట్జ్ వాచీ ఆగితే మా బెజవాడ పనివాళ్ళు ఇప్పటికీ చేసే పని మీటరుతో సెల్లు చూడటం. వెండి ఆక్సైడు సెల్లు 1.55 వోల్టులు చూపించాలి. సెల్లు బాగుంటే కాయిల్ చూస్తారు, తెగిందేమో అని. కాయిల్ బాగుంటే మిషనులో మురికి పట్టిందేమో, ముళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూస్తారు. నాలుగు పరీక్షలు, పది నిమిషాల పని. పెద్ద షాపుల్లో ఈ నాలుగూ చేయరు. "మిషను పోయింది, మార్చాలి" అంటారు. కొత్త మిషను జపానుదో చైనాదో తెచ్చి పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది, నైపుణ్యం అక్కర్లేదు, గ్యారంటీ ఇవ్వడం తేలిక. వాళ్ళ వైపు నుంచి చూస్తే లాభమే. మన వైపు నుంచి చూస్తే కాయిల్ తెగిన దానికీ, మురికి పట్టిన దానికీ, ఏమీ కాని దానికీ ఒకటే ధర.

ఏమీ కాని దానికి అన్నాను కదా, మా కోడలి వాచీ సంగతే అది. సెకన్ల ముల్లు ఒక్కో సెకను కదలడం మానేసి నాలుగేసి సెకన్లకొకసారి గెంతుతోంది. ఒక షోరూముకు తీసుకెళితే చూసీ చూడగానే మిషను పాడైందన్నారు. కొత్త వాచీ ధరలో సగం పైన చెప్పారు. "ఆ డబ్బు పెట్టే బదులు ఎక్స్ఛేంజి ఆఫర్లో కొత్తది తీసుకోండి మేడమ్" అని కూడా అన్నారట. ఆ గెంతడం జబ్బు కాదు. సెల్లు అయిపోవస్తోందని చెప్పడానికి చాలా క్వార్ట్జ్ వాచీల్లో కావాలనే అలా పెడతారు, కొన్నిట్లో రెండేసి సెకన్లు, కొన్నిట్లో నాలుగేసి. వాచీ తయారుచేసినవాడు అంత శ్రద్ధగా, సెల్లు మార్చమ్మా అని ముల్లుతో చెప్పిస్తే, ఆ వాచీలు అమ్మే కొట్లో దాన్ని చదవగలిగిన మనిషి లేడు. వన్‌టౌన్‌లో బల్ల దగ్గరకు తీసుకెళ్ళాం. సెల్లు మార్చాడు, ముల్లు తిన్నగా నడిచింది. వంద రూపాయలు దాటలేదు. కోడలు నవ్వుతూ వచ్చింది కానీ నాకు మాత్రం కోపం తగ్గలేదు. ఆమెలాగా ఎంతమంది ఆ కౌంటరు ముందు నిలబడి కొత్తది కొనుక్కుని ఉంటారు?

సెల్లు ధర దగ్గరే ఇంకో విడ్డూరం. ఆడవాళ్ళ వాచీల్లో, మామూలు మగవాళ్ళ వాచీల్లో ఎక్కువగా పడేది 377 నంబరు సెల్లు. 6.8 మిల్లీమీటర్ల వెడల్పు, 2.6 మిల్లీమీటర్ల మందం. వెయ్యి రూపాయల వాచీలో వేసినా, ముప్ఫై వేల వాచీలో వేసినా అదే సెల్లు, అదే పెట్టెలోంచి తీస్తారు. మూత తీసే సాధనం మారవచ్చు కానీ వేసే చెయ్యి అదే. ధర మాత్రం వాచీ మీదున్న పేరును బట్టి మూడు రెట్లు, నాలుగు రెట్లు మారిపోతుంది. ఇది పనికి కట్టిన ధరా? జేబు చూసి కట్టిన ధర. ఇంకోపక్క రోడ్డు మీద మరీ చవగ్గా వేసేవాళ్ళలో కొందరు వెండి ఆక్సైడు సెల్లు బదులు అదే సైజు ఆల్కలైన్ సెల్లు వేసేస్తారు. చూడటానికి కవలపిల్లల్లా ఉంటాయి. ఆల్కలైన్ సెల్లు శక్తి మెల్లమెల్లగా పడిపోతుంది, చివర్లో కారి మిషనును తినేస్తుంది. నేను ఆ చవకను కూడా సమర్థించను. ఏ సెల్లు వేస్తున్నావు, దీనికెంత, దానికెంత అని అడిగి వేయించుకుంటే ఇరవై ముప్ఫై తేడాలో తేలిపోతుంది.

ఎక్కువ తీసుకోవడం న్యాయమైన చోటు కూడా ఉంది. నీళ్ళు దిగని వాచీ అయితే మూత తీసిన ప్రతిసారీ లోపలి రబ్బరు రింగు చూడాలి, గట్టిపడితే మార్చాలి, మూసిన తర్వాత గాలి ఒత్తిడి పెట్టి లీకు పరీక్ష చేయాలి. దానికి మిషను కావాలి, దాని ఖరీదు దానికుంది. ఆ పరీక్ష చేసి నాలుగు వందలు తీసుకున్నా ఇవ్వాల్సిందే. చేయకుండా తీసుకుంటున్నారు, అక్కడే నాకు పేచీ. పరీక్ష చీటీ చూపించమంటే చూపించినవాళ్ళను నేనైతే చూడలేదు.

ఇంక పెద్ద స్విస్ వాచీల సంగతి. అవి నావి కావు, అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకువి. అక్కడ పూర్తి సర్వీసుకు అడిగే ధరలో ఇక్కడ మంచి స్మార్ట్‌ఫోను వస్తుంది. అందులో కొంత న్యాయం ఉంది, అక్కడ పనివాడి గంట కూలి ఎక్కువ. కానీ చిన్న పని చేయించుకునే వీలు లేదు. అద్దం పగిలింది, అద్దం మార్చండి అంటే కుదరదు, పూర్తి సర్వీసు చేయించుకోవాల్సిందే. బయట పనివాడి దగ్గరకు వెళదామంటే విడిభాగాలు ఉండవు. స్వాచ్ గ్రూపు 2015 చివరికల్లా తన విడిభాగాలు హోల్‌సేల్ వ్యాపారులకు ఇవ్వడం మానేసింది. నలభై ఏళ్ళు చేయి తిరిగిన పనివాడైనా సామాను లేకపోతే ఏం చేస్తాడు? సామాను ఒకరి గుప్పిట్లో ఉంటే ధర కూడా వాళ్ళ గుప్పిట్లోనే ఉంటుంది.

మన హెచ్‌ఎంటీకి ఇంకో కష్టం. 2016 జనవరిలో కేంద్రం హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయాలని నిర్ణయించింది. అప్పటికే సామాను దొరకడం తగ్గింది. ఇప్పుడు జనతాకు బ్యాలెన్స్ కావాలంటే ఇంకో జనతాను విప్పి తీయాల్సిందే. పనివాళ్ళ దగ్గర డబ్బాల్లో అలాంటి చచ్చిన వాచీలు ఉంటాయి, వాటి నుంచి ముక్కా ముక్కా తీసి వేస్తారు. ఆ ధర పెరిగితే నేను అర్థం చేసుకుంటాను, అరుదైన వస్తువు కనుక. కానీ పాత వాచీలకు గిరాకీ పెరిగింది కదా అని ఇప్పుడు కొందరు డయల్ మీద కొత్త రంగులు వేసి, ఎప్పుడూ లేని మోడళ్ళు తయారుచేసి, మిషనుకు ఒక్క చుక్క నూనె కూడా పెట్టకుండా, ఫుల్ సర్వీస్ అని రాసి అమ్ముతున్నారు. సర్వీసు చేసింది డయల్‌కు, నడవాల్సింది మిషను. అలాంటి వాచీ కొన్న కుర్రాడు ఒకడు మా వీధిలో ఉన్నాడు. మూత తీసి చూస్తే లోపల మూడు రాళ్ళ దగ్గర నల్లటి జిడ్డు. వాడు కొన్న ధరతో నాలుగు జనతాలను సాయిబు గారి పద్ధతిలో నడిపించవచ్చు.

మరి న్యాయమైన ధర ఎంత అని మా అల్లుడు అడిగాడు. నా లెక్క ఇది. కీ వాచీ పూర్తి సర్వీసుకు చేయి తిరిగిన మనిషికి మూడు గంటలు పడుతుంది, పరీక్ష రోజులు వేరు. మా వైపు తాపీ మేస్త్రీకి రోజుకు వెయ్యి రూపాయలిస్తున్నాం, కాదనకుండా ఇస్తున్నాం. వాచీ పనివాడి నైపుణ్యం తాపీ మేస్త్రీకి తీసిపోదు. రోజుకు రెండు సర్వీసులు చేస్తాడనుకుంటే ఒక్కోదానికి కూలి అయిదు వందలు. నూనె, పెట్రోలు, కరెంటు, అద్దె, ఏడాదిలోపు మళ్ళీ వస్తే ఊరికే చేయాల్సిన పని, ఇవన్నీ కలిపి ఇంకో రెండు మూడు వందలు. ఏడెనిమిది వందలు. సామాను వేస్తే అది వేరే. ఈ ధర నేను ఆనందంగా ఇస్తాను. పాత ధరకు ఇది ఎన్నో రెట్లు, అయినా ఇస్తాను, ఎందుకంటే ప్రతి రూపాయి ఎక్కడికి పోయిందో చెప్పగలను. షోరూము బిల్లులో కూడా దాదాపు అంత మొత్తమే ఉంటుంది, పైన 18 శాతం జీఎస్టీ. అందులో పనివాడి వాటా ఎంతో నాకు తెలియదు, కానీ అద్దాల గదిలో కూర్చుని నెల జీతానికి పనిచేసే ఆ కుర్రాడి ముఖం చూస్తే ఎక్కువ అనిపించదు. రోజుకు ఎన్ని వాచీలు పూర్తిచేశావన్నదే వాళ్ళకు కొలత అట. అలాంటప్పుడు వాడు వాచీని మూడు రోజులు మూడు దిక్కులా పెట్టి ఎందుకు పరీక్షిస్తాడు?

బాగుచేయించుకునే హక్కు అని కేంద్రం 2022లో ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే ఒక పోర్టల్ కూడా తెరిచింది. కంపెనీలు విడిభాగాల వివరాలు, రిపేరు ఎలా చేయాలి, ధరలు ఎంత అన్నవి జనానికి చెప్పాలని దాని ఉద్దేశం. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు, ఈ నాలుగు రంగాలు పెట్టారు. వాచీ లేదు. ట్రాక్టరుకూ ఫోనుకూ ఉన్న హక్కు చేతి వాచీకి ఎందుకు లేదో ఎవరైనా అడగాలి. మూడు నియమాలు చాలు: మూత తీసి చూశాకే ధర చెప్పాలి, సామాను ఎంత, కూలి ఎంత అన్నది విడివిడిగా రాయాలి, మార్చిన పాత సామాను తిరిగి ఇవ్వాలి.

ఆ మూడోది చాలా ముఖ్యం. మా రోజుల్లో తీసేసిన ముక్క చిన్న కాగితంలో మడిచి వాచీతో పాటు చేతిలో పెట్టేవారు. విరిగిన ఇరుసు, తెగిన స్ప్రింగు, ఏదైనా సరే. నిజంగా మార్చారా లేదా అన్న అనుమానమే ఉండేది కాదు. మొన్న మా మనవడి వాచీకి మిషను మార్చాలన్నారు. సరే మార్చండి, పాతది నాకిచ్చేయండి అన్నాను. కౌంటరులో అమ్మాయి, "అలా ఇవ్వరు తాతగారూ, కంపెనీ రూలు" అంది. ఆ రూలు కాగితం మీద చూపించమ్మా అన్నాను. లోపలికి వెళ్ళింది, మేనేజరును అడిగింది, అలాంటి కాగితం దొరకలేదు. నేనే జాబ్ కార్డు తీసుకుని కింద ఖాళీలో రాశాను: లోపం ఏమిటో రాయాలి, పాత మిషను తిరిగి ఇవ్వాలి అని. ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించుకున్నాను. వారం తర్వాత వాచీ వచ్చింది, దాంతో పాటు ప్లాస్టిక్ కవరులో పాత మిషను కూడా వచ్చింది. వన్‌టౌన్ బల్ల దగ్గర మీటరు పెట్టి చూపిస్తే కాయిల్ తెగి ఉంది. మార్చింది సరైన పనేనన్నమాట. డబ్బు మొత్తం ఇచ్చాను, మారు మాట్లాడలేదు. ఇప్పుడు మా అపార్టుమెంటులో ఎవరు వాచీ ఇవ్వడానికి వెళ్ళినా జాబ్ కార్డు మీద ఆ రెండు వాక్యాలు రాసి రమ్మని చెబుతున్నాను.